సాంబారు తగలని అట్ట

ఉదయం ఏడున్నర. గుంటూరు–విజయవాడ హైవే మీద లారీల హారన్లు ఇక్కడిదాకా వినపడుతున్నాయి. మీరు నిలబడ్డది ఒక ఇంజనీరింగ్ కాలేజీ క్యాంటీన్ వెనక, రేకుల షెడ్డు కింద. నేల మీద నీలం రంగు టార్పాలిన్ పట్టా పరిచారు. గాలికి లేవకుండా నాలుగు మూలలా ఇటుకలు పెట్టారు. పక్కన, నిన్న సాయంత్రం ట్రాక్టరు ఎక్కకుండా ఆపిన నల్ల సంచులు. మూతి విప్పకముందే పులిసిన పెరుగూ సాంబారూ టీ పొడీ కలిసిన వాసన గుప్పుమంటోంది. రెండో సంవత్సరం బీటెక్ పిల్లలు ఆరుగురు పట్టా చుట్టూ చేరి, ముందు ఎవరు విప్పుతారా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

మీరూ గ్లవుజులు వేసుకోండి. ఈ పని దూరం నుంచి చూస్తే ఏమీ తెలియదు.

చివరికి సివిల్ బ్రాంచి అమ్మాయి చున్నీ నడుముకు బిగించి కట్టుకుని, మొదటి సంచి మూతి విప్పి, అడుగు పట్టుకుని ఎత్తి కుమ్మరించింది. చప్పుడు తడిగా ఉంది. ఒకదాంట్లో ఒకటి దూర్చిన పేపరు కప్పులు, నల్ల బిర్యానీ డబ్బాలు, సగం నీళ్లతో వాటర్ బాటిళ్లు, చిప్స్ ప్యాకెట్లు, ఎవరిదో ల్యాబ్ రికార్డు జిరాక్సు, అడిషనల్ షీట్లు, కొబ్బరి చట్నీ అంటిన అట్టముక్కలు. వీటన్నిటి మధ్య దారంతో కట్టిన సాంబారు ప్యాకెట్లు. కొన్నిటికి మూల పంటితో చింపి, కావలసినంత పిండుకుని పారేశారు. కొన్నిటికి ముడి కూడా విప్పలేదు. పట్టా మీద పడగానే వాటిలో ఒకటి పగిలింది. సాంబారు నెమ్మదిగా పాకుతూ వెళ్లి జిరాక్సు కాగితాలను తడిపింది.

ఈసీఈ అబ్బాయి చేతిలో నోటు పుస్తకం ఉంది. రాత్రి హాస్టల్లో కూర్చుని స్కేలు పెట్టి గళ్లు గీశాడు: కాగితం, అట్ట, ప్లాస్టిక్ బాటిల్, ప్లాస్టిక్ కవరు, లోహం, గాజు, తడి చెత్త, ఇతరాలు. తూకానికి ఊరెళ్లేటప్పుడు సూట్‌కేసు తూచుకునే చిన్న హుక్కు కాటా తెచ్చారు. ఏర్పాట్లన్నీ బాగానే ఉన్నాయి. పది నిమిషాల్లో గళ్లు చాలకుండా పోయాయి.

"సాంబారు పడ్డ జిరాక్సు ఏ గడిలో రాయాలి? కాగితమా, తడి చెత్తా?"

"కాగితమేగా."

"దీన్ని ఎవరు కొంటారు?"

ఎవరూ పలకలేదు. అబ్బాయి కొత్త గడి గీశాడు. పైన 'పాడైన కాగితం' అని రాశాడు. మజ్జిగ మిగిలిన బాటిలు చేతికొచ్చింది. ఇంకో గడి. బిర్యానీ డబ్బాలో ఎముకలు, నిమ్మచెక్క, దానికింద టిష్యూ పేపరు. ఇంకో గడి. అమ్మాయిల హాస్టల్ నుంచి వచ్చిన ఎర్ర గుర్తు సంచిని మాత్రం విప్పొద్దని ముందే అనుకున్నారు. మూతితోనే తూచి, బరువు రాసుకుని పక్కన పెట్టారు. అబ్బాయిలు ఆ సంచి వైపు చూడకుండా చూస్తున్నారు. రెండోసారి తూకానికి వచ్చేసరికి ఆ బెరుకు పోయింది. ఇంత కంపులో ఏ బెరుకైనా ఎంతసేపు నిలుస్తుంది?

ఇదంతా వీళ్ల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. 'క్యాంపస్‌లో రీసైక్లింగ్ మెరుగుపరచడం' అని గైడ్ మేడమ్‌కి రాసిచ్చారు. మొదట్లో వీళ్ల ఆలోచన చాలా సులువు: రంగుల డబ్బాలు పెడదాం, పోస్టర్లు అంటిద్దాం, ఏ చెత్త ఎందులో వెయ్యాలో చెప్పే యాప్ చేద్దాం. తీరా చూస్తే డబ్బాలు ఉండనే ఉన్నాయి. ప్రతి బ్లాకు ముందూ ఆకుపచ్చ, నీలం, ఎరుపు మూడేసి నిలబడి ఉన్నాయి. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చే ముందు కొన్నవి. అప్పటి న్యాక్ మార్కుల్లో ఏడో విభాగం కింద పర్యావరణం, వ్యర్థాల నిర్వహణ వచ్చేవి. జియో ట్యాగ్ ఫొటోలు అడిగేవాళ్లు. ఫొటోలు దిగాయి, బృందం వచ్చింది, వెళ్లింది. ఇప్పుడు సాయంత్రం పూట మీరు ఆ డబ్బాల దగ్గర కాసేపు నిలబడండి. మూడింటినీ ఒకే సంచిలోకి వంపి, ఆ సంచిని ఒకే ట్రాక్టరు తొట్టిలోకి విసరడం మీ కళ్లతోనే చూడొచ్చు.

చట్టం చెప్పక కాదు. ఘన వ్యర్థాల నిర్వహణపై 2016లో వచ్చిన నియమాలు తడి చెత్త, పొడి చెత్త, ఇంటి ప్రమాదకర చెత్త అని మూడుగా వేరు చేయమన్నాయి. 5,000 చదరపు మీటర్లు దాటిన సంస్థలు తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే కంపోస్టు చేసుకోవాలన్నాయి. ఇక చదువంటారా, సుప్రీంకోర్టు 1991లో ఎం.సి. మెహతా కేసులో చెప్పినప్పటి నుంచి పర్యావరణం పాఠం కాలేజీల దాకా వచ్చింది. ఈ ఆరుగురూ ఆ పేపరు రాసి పాసయ్యారు. మార్కులు లెక్కలోకి రాని సబ్జెక్టని పరీక్ష ముందు రాత్రే చదివారట. ఆ మాట వాళ్లే నవ్వుతూ చెప్పారు.

ఎనిమిదింటికి ఊడ్చే ఆయమ్మ వచ్చింది. చీపురు గోడకానించి, పట్టా అంచున నిలబడి, కాసేపు చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వాసనకు కాదు, నవ్వాపుకోవడానికి.

"ఏందమ్మా, చదువుకునే పిల్లలు నా పని నేర్చుకుంటన్నారా?"

"ప్రాజెక్టు ఆంటీ."

"అట్టా ఒక్కోటీ ఏరితే సాయంత్రం దాకా అవదు. లెగండి."

ఆమె కూర్చున్న తీరు చూడండి. గొంతుక్కూర్చుని, రెండు చేతులూ ఒకేసారి ఆడిస్తోంది. కళ్లు వస్తువు మీద లేవు, వేళ్లకే తెలుస్తోంది. బాటిలు దొరికితే మూత తిప్పి, నీళ్లు వంపి, మోకాలి కింద పెట్టి ఒక్క నొక్కు నొక్కి, మూత వేరే సంచిలోకి, బాటిలు వేరే సంచిలోకి విసిరేస్తోంది. పాల కవర్లు విడిగా తీసిపెడుతోంది. ఓ కవరు చెవి దగ్గర నలిపి చూపించింది. పాల కవరు చప్పుడు లేకుండా మెత్తగా నలిగింది. ఇంకో కవరు గరగరలాడింది. "మెత్తంది కొంటారు. ఈ గరగర కవరుకి ఏమీ రాదు." చిప్స్ ప్యాకెట్టు తీసి, లోపలి వెండి మెరుపు చూపించి, పట్టా అవతలికి విసిరేసింది. దాన్ని ఎవరూ కొనరు.

ఆ ప్యాకెట్టులో ఒకదాని మీద ఒకటి అతికించిన పొరలుంటాయి. మనం తినే చిప్స్ మెత్తబడకుండా కాపాడేది ఆ అతుకే. రేపు ఎవరూ దాన్ని విడదీయలేకపోవడానికీ ఆ అతుకే కారణం. సిమెంటు బట్టీల్లో ఇంధనంగా కాల్చడం ఒక దారి. పాత సామాన్ల కొట్టువాడికి మాత్రం అది సరుకే కాదు.

కాసేపటికి పిల్లలకు ఒక సంగతి అర్థమైంది. ఈ క్యాంపస్‌లో రీసైక్లింగ్ లేదనుకుని ప్రాజెక్టు మొదలుపెట్టారు. ఉంది. రోజూ తెల్లారకముందే జరుగుతోంది. ఆయమ్మా, ఆమెతో పనిచేసే ఇద్దరూ సంచుల్లోంచి బాటిళ్లు, అట్టలు, పాల కవర్లు ఏరి, షెడ్డు వెనక బస్తాల్లో దాచి, వారానికోసారి అమ్ముకుంటున్నారు. ఆ డబ్బు ముగ్గురూ పంచుకుంటారు. కాలేజీ రికార్డుల్లో ఎక్కడా లేదు గానీ, ఇక్కడ నిజంగా నడుస్తున్న రీసైక్లింగ్ అదే. వాళ్ల చేతికి చిక్కనిది, చిక్కినా పనికిరానిదే ట్రాక్టరెక్కి పోతోంది.

"మీకు ఎక్కువ ఇబ్బంది దేంతో ఆంటీ?" అని ఇంకో అమ్మాయి అడిగింది. ప్రశ్నాపత్రంలో నాలుగో ప్రశ్న అది.

ఆయమ్మ ఆలోచించలేదు. పగిలిన సాంబారు ప్యాకెట్టును రెండు వేళ్లతో ఎత్తి చూపించింది. "దీంతో. ఇదొక్కటి పగిల్తే సంచి మొత్తం పాడు. అట్ట పాడు, కాయితం పాడు, నా చేతులు పాడు."

ఇక పేపరు కప్పు సంగతి. పట్టా మీద వాటి గుట్ట అన్నిటికన్నా ఎత్తుగా ఉంది. గళ్ల పుస్తకంలో వాటిని 'కాగితం' కింద రాసుకున్నారు. ఆయమ్మ తల అడ్డంగా ఊపింది. ఎందుకో ఆమె చెప్పలేకపోయింది, కొట్టులో తీసుకోరని మాత్రమే ఆమెకు తెలుసు. కెమికల్ బ్రాంచి అబ్బాయి ఒక కప్పును చింపి, మగ్గులో నీళ్లు పోసి నానబెట్టాడు. మిగతా పని అయ్యేలోపు అది నానింది. మీరు మగ్గు మీదికి వంగి చూడండి. బయటి కాగితం బొటనవేలి కింద ముద్దముద్దగా రాలిపోతోంది. లోపల కప్పు ఆకారంలోనే, పల్చగా, నీటిలో తేలుతూ ఒక పొర మిగిలింది. వేలితో లాగితే సాగుతోంది. పాలిథిన్. టీ కారకుండా ఆపేది ఆ పొరే. మామూలు పేపరు మిల్లులో గుజ్జు కలిపే తొట్టికి అడ్డం పడేదీ అదే. ఇన్నాళ్లూ ప్లాస్టిక్ గ్లాసు మానేసి పేపరు గ్లాసులో తాగుతున్నామని లోలోపల గర్వపడ్డవాళ్లు ఆ ఆరుగురిలో కనీసం ముగ్గురున్నారు. వాళ్ల మొహాలు చూస్తే తెలుస్తోంది.

మధ్యాహ్నం ఎండలో హైవే పక్క పాత ఇనుప సామాను కొట్టుకు వెళ్లారు. మీరూ రండి. గేటు దగ్గరే పెద్ద కాటా. లోపల ఒక పక్క తుప్పు పట్టిన మంచాలు, కూలర్ల రేకులు. ఇంకో పక్క బాటిళ్ల కొండ. ఆ కొండ నీడలో ఇద్దరు ఆడవాళ్లు చిన్న కత్తులతో బాటిళ్ల మెడకున్న రింగులు కోస్తున్నారు. యజమాని బనీనుతో కూర్చుని లెక్క రాసుకుంటున్నాడు.

"మూతలు ఎందుకన్నా వేరు చేస్తారు? రెండూ ప్లాస్టిక్కేగా?"

"ఇటు రా తమ్ముడూ." బాటిలు ముక్క ఒకటి కోసి, నీళ్ల బక్కెట్లో వేసి, గాలి బుడగలు పోయేదాకా వేలితో నొక్కి వదిలాడు. అది మునిగి అడుగున కూర్చుంది. మూత వేశాడు. ఎంత నొక్కినా పైకే వచ్చింది. "మునిగేది ఒక రేటు, తేలేది ఇంకో రేటు. రెండూ కలిస్తే మిల్లువాడు లోడు వెనక్కి పంపిస్తాడు."

ఈసీఈ అబ్బాయి కళ్లు మెరిశాయి. ఇంటర్లో బట్టీపట్టిన సాంద్రత ఇప్పుడు బక్కెట్లో కనపడింది. బాటిలు చేసే పెట్ ప్లాస్టిక్ సాంద్రత నీటికన్నా ఎక్కువ, సుమారు 1.38. మూతలు చేసే రకాలు ఒకటికి లోపే. బాటిలు అడుగున త్రికోణంలో ఉండే 1 అంకె, పాల క్యానుల మీది 2, మెత్తటి కవర్ల మీది 4, డబ్బాల మీది 5 ఆ రకాలను చెప్పే గుర్తులే. ఆ త్రికోణం చూసి అది తప్పకుండా రీసైకిల్ అవుతుందని చాలామంది అనుకుంటారు. ఏ రకం ప్లాస్టికో చెప్పడం వరకే దాని పని. కొనేవాడు ఉన్నాడా లేదా అన్నది కొట్టులో తేలుతుంది. ఈ బాటిళ్లు ముక్కలై, కడిగి, కరిగాక ఎక్కువగా పాలియెస్టర్ నూలుగా, దిండ్లలో కూరే దూదిగా మారతాయి. మళ్లీ బాటిలు అయ్యేవి తక్కువ.

తర్వాత యజమాని ఒక అట్ట కట్టను బొటనవేలితో నొక్కాడు. వేలు లోపలికి దిగింది. "చూశావా, తడి. కొందరు బరువు కోసం కావాలనే నీళ్లు చల్లి తెస్తారు. అందుకే తడి అట్ట వస్తే తూకంలో కోత కోస్తా. మీ కాలేజీ నుంచి వచ్చేదాంట్లో నీళ్లు కాదు, కూర ఉంటది. నూనె పట్టిన అట్ట నాకు వద్దే వద్దు. గోడౌన్లో పెడితే పురుగు పడుతుంది, ఎలకలు కొరుకుతయ్." మిల్లు మాట కూడా అదే. కాగితం నీటిలో నాని గుజ్జవుతుంది గానీ దాన్ని పట్టిన నూనె వదలదు.

ఆ మాటతోనే, నా ఉద్దేశంలో, ప్రాజెక్టు దిశ మారింది. అప్పటిదాకా వీళ్లు చెత్తను ఎన్ని రకాలుగా విడదీయాలా అని ఆలోచించారు. విడదీసే చెయ్యి ఆయమ్మ దగ్గర ఉంది, కొనే కాటా హైవే పక్కన ఉంది. లేనిదల్లా, సాంబారు సంచిలోకి పోకుండా ఆపే చోటు.

రాత్రి హాస్టల్ మెట్ల మీద మీటింగు. యాప్ ఎవరూ చంపకుండానే చచ్చిపోయింది. అసలు గొడవ డబ్బు దగ్గర వచ్చింది. అట్టలు, బాటిళ్లు శుభ్రంగా వస్తే ఎక్కువ డబ్బొస్తుంది కాబట్టి దాన్ని గ్రీన్ క్లబ్బు ఖాతాలో వేద్దాం, లెక్క ఉంటుంది, గ్లవుజులు కొనొచ్చు అని మెకానికల్ అబ్బాయి అన్నాడు. మాట తప్పుగా లేదు. సివిల్ అమ్మాయి ఒప్పుకోలేదు.

"ఆ డబ్బు ఆంటీ వాళ్లది. మనం రెండు బక్కెట్లు పెట్టి వాళ్ల నోటి కాడిది లాక్కుంటామా?"

"లాక్కోవడం కాదే, సిస్టమ్ పెడుతున్నాం."

"సిస్టమ్ ఉంది. మనం దానికి సాంబారు తగలకుండా చూస్తే చాలు."

చాలాసేపు సాగింది. చివరకు డబ్బు వాళ్లకే ఉండాలని, గ్లవుజులు కాలేజీ కొనాలని రాసుకున్నారు. ఆఫీసులో ఆ కాగితం ఎన్ని బల్లలు తిరిగిందో చెప్పి మిమ్మల్ని విసిగించను. గ్లవుజులు వచ్చాయి. గైడ్ మేడమ్ మాత్రం, "ఇందులో ఇన్నోవేషన్ ఎక్కడుందమ్మా, బక్కెట్టా?" అన్నారు.

అవును, బక్కెట్టే. హాస్టల్‌కి రంగులు వేసినప్పుడు మిగిలిన ఇరవై లీటర్ల పెయింటు బక్కెట్లు కడిగి తెచ్చారు. క్యాంటీన్ చేతులు కడిగే చోటు పక్కన ఒకటి టీ, మజ్జిగ, సాంబారు లాంటి ద్రవాలకు, దానిమీద మెతుకులు ఆపేందుకు జల్లెడ మూత. రెండోది మిగిలిన అన్నం, ఇడ్లీ ముక్కలకు. ఆ తర్వాతే సంచులు. మూసి ఉండే డబ్బాలు వద్దన్నారు. కూరగాయల మార్కెట్ నుంచి ఎర్రటి ఉల్లిపాయల వలసంచులు తెచ్చి ఇనుప చట్రానికి తగిలించారు. లోపల ఏముందో కనపడుతుంది. సగం నీళ్లున్న బాటిల్ వేస్తే కింద కారి, వేసినవాడి చెప్పుల మీదే పడుతుంది.

పదీ నలభైకి బ్రేకు గంట మోగింది. స్తంభం పక్కన నిలబడి చూడండి. మొదట వచ్చినవాడు ఫోన్ చూసుకుంటూ ప్యాకెట్టూ ప్లేటూ అన్నీ కలిపి అట్టల సంచిలో పడేసి పోయాడు. వెనక వచ్చిన ముగ్గురూ వాడు వేసిన చోటే వేశారు. ఒక జూనియర్ అమ్మాయి ఆగి, వలసంచిలో తేటగా కనిపిస్తున్న బాటిళ్లను చూసి, తన బాటిల్ మూత విప్పి, నీళ్లు మొదటి బక్కెట్లో వంపింది. ఆమె వెనక ఇద్దరు అలాగే చేశారు. ఎవరూ పోస్టరు చదవలేదు. ముందువాడు ఏం చేస్తే వెనకవాడు అదే చేస్తున్నాడు. అది గమనించాక, బ్రేకు మొదలయ్యే నిమిషంలో తమలో ఒకరు టిఫిన్ చేసి వరసలో ముందు నిలబడాలని పిల్లలు వంతులు వేసుకున్నారు. అందరికీ నచ్చిన డ్యూటీ అదే.

తడి బక్కెట్టు ఎక్కడికి పోవాలి? మొదట కుడితికి ఇద్దామన్నారు. పక్క ఊరి పాలాయన గేదెలున్నాయి. హాస్టల్ మెస్సు బియ్యం కడిగిన నీళ్లు, గంజి ఆయన ఎప్పటినుంచో పట్టుకెళ్తున్నాడు. క్యాంటీన్ బక్కెట్లో కోడి ఎముకలుంటాయి, గుడ్డు పెంకులుంటాయి, ప్లాస్టిక్ చెంచాలూ దొర్లుతాయి. గేదెకు పెట్టకూడదని ఆయనే వద్దన్నాడు. కాబట్టి కంపోస్టు. ఆకురాలే కాలం. కానుగ చెట్ల కింద రోజూ ఎండుటాకులు కుప్పలు పడుతున్నాయి, తోటమాలి ప్రతి ఉదయం వాటికి అగ్గిపుల్ల గీస్తున్నాడు. బహిరంగంగా చెత్త తగలబెడితే మామూలుగా 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున అయితే 25,000 రూపాయలు జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే చెప్పింది. తోటమాలికి జరిమానా సంగతి చెప్పలేదు. ఆకులు మాకిస్తావా బాబాయ్ అని అడిగారు. ఊడ్చి కాల్చే పని తప్పుతుందని ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు.

ఇనుప మెష్ గుండ్రంగా చుట్టి, ఒక పొర ఆకులు, ఒక పొర తడి చెత్త, పైన పేడనీళ్లు. తడి చెత్తలో నత్రజని ఎక్కువ, ఎండుటాకులో కర్బనం ఎక్కువ. ఆకు తక్కువైతే కంపు, మరీ ఎక్కువైతే కుళ్లడం నెమ్మదిస్తుంది. నాలుగైదు రోజుల తర్వాత వస్తే కుప్పలోకి చెయ్యి పెట్టి చూడమంటారు. పెట్టండి. మణికట్టు దాకా వెళ్లేసరికి వేడి, ఎక్కువసేపు ఉంచలేరు. వాసన అడవిలో వాన పడ్డాక వచ్చేలాంటిది కాదు, అంత అబద్ధం చెప్పను. పులుపు ఇంకా ఉంది. ఈగలు మాత్రం తగ్గాయి.

అన్నీ కుదరలేదు. పేపరు కప్పుల గుట్ట అలాగే ఉంది. నిలబడి తాగేవాళ్లకు గాజు గ్లాసులు పెట్టమంటే, కడిగే మనిషి జీతం ఎవరిస్తారని క్యాంటీన్ కాంట్రాక్టరు అడిగాడు. ఆ ప్రశ్నకు కాలేజీ ఇంకా జవాబివ్వలేదు. నల్ల బిర్యానీ డబ్బాలు కడిగినా కొట్టువాడు పక్కన పెడుతున్నాడు. ట్రాక్టరు డ్రైవరు తన తొట్టిలో అడ్డగోడ కట్టడానికి ఒప్పుకోలేదు గానీ, పొడి చెత్త బస్తాలను తొట్టికి బయట వేలాడదీసుకోమన్నాడు.

శుక్రవారం మళ్లీ పట్టా పరిచారు, మళ్లీ తూకం. ఆయమ్మ ఒక అట్టను ఎండలోకి ఎత్తి, రెండు వైపులా తిప్పి చూసి, వాసన చూసి, బస్తాలో పెట్టింది. నోటు పుస్తకంలో 'పాడైన కాగితం' గడి ఈసారి చిన్నదైందని పిల్లలు గంతులేస్తుంటే ఆమె అడ్డుపడింది.

"అంతా బానే ఉందిగానీ, అన్నం బక్కెట్టుకి మూతేది? కాకులు పీకి పంచలో పోస్తన్నయ్. రాత్రి కుక్క పడేసింది. ఊడ్చేది నేను. మూత లేకపోతే సోమారం నించి ఆ బక్కెట్టు నేను ముట్టను."

"తెస్తాం ఆంటీ."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

ఆరుగురిలో ముగ్గురు గ్లవుజులు విప్పకుండానే హాస్టల్ స్టోరు వైపు పరుగెత్తారు. మూతలు అక్కడే ఉన్నాయి, అన్నీ పెయింటరు రంగులు కలుపుకోవడానికి వాడేశాడు. రంగు గట్టిపడి అంచుల్లోకి దిగిపోయింది, ఒక్కటీ బిగుసుకోవట్లేదు. మెకానికల్ అబ్బాయి స్క్రూడ్రైవరు కోసం వర్క్‌షాపుకి వెళ్లాడు.